మద్దెల నిజంగానే ఓడైతే?

ఆడలేక మద్దెల ఓడు అందట వెనకటికొకావిడ. ఆవిడ ఎవరో, ఆ మద్దెలని ఎవరైనా ఒక్కసారి చేతిలోకి తీసుకుని తట్టి చూశారో లేదో, ఈ సామెత చెప్పేవాళ్ళెవరూ చెప్పరు. నిజంగానే ఓడేమో! రెండు నెలలుగా నాకు ఆవిడ మీద బోలెడంత జాలి కలుగుతోంది. ఎందుకంటే ఈ రెండు నెలలూ మా ఇంట్లో ఆ సామెత నా మీదే వాడారు.

మాది బెజవాడ. ఎనిమిదేళ్ళ వయసున్న చిన్న కారు. మావారు కంపెనీ బస్సులో ఆఫీసుకి వెళ్ళిపోతారు కాబట్టి వారంలో ఆరు రోజులు దాన్ని నడిపేది నేనే. పొద్దున్నే పాపని బడిలో దింపడం, వారానికి మూడుసార్లు అత్తయ్యగారిని మోకాళ్ళ ఫిజియోథెరపీకి తీసుకెళ్ళడం, సాయంత్రం పాప డాన్సు క్లాసు, మధ్యలో రైతుబజారు, బ్యాంకు. ఆయన చేతికి కారు వచ్చేది ఆదివారం ఒక్కపూట, గుంటూరులో మా ఆడపడుచుగారింటికి వెళ్ళేటప్పుడు. ఈ ముక్క కాస్త గుర్తు పెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

ఏప్రిల్ చివర్లో స్టీరింగ్ బిగుసుకోవడం మొదలైంది. ఎప్పుడూ కాదు. అపార్ట్‌మెంటు సెల్లార్లో స్తంభాల మధ్య వెనక్కి పెట్టేటప్పుడు, సందు చివర మలుపు తిప్పేటప్పుడు, సాయంత్రం డాన్సు క్లాసు నుంచి వస్తూ యూటర్న్ కొట్టేటప్పుడు. ఊరగాయ జాడీ మూత బిగుసుకుపోతే ఎలా ఉంటుందో చూశారు కదా, అలాగ. కాసేపటికి మళ్ళీ మామూలే.

మావారికి చెప్పాను. ఆదివారం గుంటూరు వెళ్ళి వచ్చాక, "వెన్నలా తిరుగుతోంది కదే, నాకేం తేడా తెలియలేదు" అన్నారు. రెండోసారి చెప్తే "నువ్వు సరిగ్గా తినవు, చేతుల్లో బలం ఉండదు, రక్తం పరీక్ష చేయించుకో" అన్నారు. మూడోసారి చెప్తే నవ్వి ఆ సామెత అన్నారు. నేనూ నవ్వాను. నవ్వి, నిజంగానే వెళ్ళి రక్తం పరీక్ష చేయించుకున్నానండీ. హిమోగ్లోబిన్ బాగానే ఉంది. కారుకి జబ్బు చేస్తే పరీక్ష నాకు జరిగింది!

మే రెండో వారంలో ఒకరోజు సాయంత్రం ఏడున్నర అయింది. పటమట నుంచి వస్తూ డివైడర్ గ్యాపులో యూటర్న్ తీసుకుంటున్నాను. వెనక సీట్లో పాప. ఏసీ, లైట్లు రెండూ వేసి ఉన్నాయి. బండి సగం తిరిగేసరికి స్టీరింగ్ ఒక్కసారిగా రాయిలా అయిపోయింది. మీటర్ల మధ్య పసుపుపచ్చగా స్టీరింగ్ బొమ్మ ఒకటి వెలిగింది. ఎదురుగా సిటీ బస్సు. రెండు చేతులతో, నా ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి లాగాను. బండి తిరిగింది గానీ తిరగాల్సినంత తిరగలేదు, డివైడర్‌కి అడ్డంగా ఆగిపోయాను. బస్సు డ్రైవర్ బ్రేకు వేశాడు కాబట్టి సరిపోయింది. కిటికీలోంచి తల బయటపెట్టి అతనన్న మాట ఇక్కడ రాయను గానీ, అందులోనూ "ఆడవాళ్ళు" అనే మాట ఉంది. "అమ్మా, ఏమైంది?" అని పాప అడిగిన గొంతు మాత్రం ఇప్పటికీ చెవిలో ఉంది.

ఆ రాత్రి ఇంట్లో నిర్ణయం జరిగింది. "భయపడ్డావు, కొన్నాళ్ళు మానేయ్." ప్రేమగానే అన్నారు, కాదనను. కారు తాళం గుమ్మం పక్క మేకు మీంచి ఆయన బీరువాలోకి వెళ్ళింది. జరిగిందేమిటో చూడండి. చెడిపోయిన కారు అక్కడే ఉంది. బాగున్న నన్ను పక్కన పెట్టారు. ఆదివారం అదే కారులో అందరం మళ్ళీ గుంటూరు వెళ్ళాం, కొండవీడంత ధైర్యంతో!

ఆ మర్నాడు గ్యారేజీకి ఆయనతోపాటే వెళ్ళాను. ఎప్పుడెప్పుడు బిగుస్తోందో నేను చెప్తుంటే మెకానిక్ నా మాట వింటూ ఆయన మొహం చూస్తున్నాడు. పసుపు లైటు వెలిగిందని చెప్తే, "అవి వస్తూ పోతూ ఉంటాయి మేడం" అన్నాడు. ఖాళీ రోడ్డు మీద ఒక చుట్టు కొట్టి వచ్చి, "బాగానే ఉంది సార్. లేడీస్ చేతికి కొంచెం అలా అనిపిస్తుంది. మీకు డౌటుంటే మాత్రం స్టీరింగ్ కాలమ్ మొత్తం మార్చేద్దాం, 38,000 అవుద్ది" అన్నాడు. నాకు ఆశ్చర్యం వేసింది. లోపం లేదంటాడు, ఉందనుకుంటే 38,000 అంటాడు. లేదు అనడానికీ, 38,000 అనడానికీ మధ్యలో 'చూద్దాం' అనే మాట ఒకటి ఉంటుంది కదా? అది మాత్రం అనలేదు.

నా పోరంతా ఇక్కడేనండీ. ఆడది "ఇది పనిచేయడం లేదు" అని చెప్తే ముందు ఆమెను పరీక్షిస్తారు. వస్తువును ఆ తర్వాత, ఓపికుంటే. నడుం నొప్పి అంటే "నీకెప్పుడూ ఏదో ఒకటి". బడి ఆటోవాడు వేగంగా పోతున్నాడు అంటే "నీకు అన్నీ భయాలే". స్టీరింగ్ బిగుస్తోంది అంటే "నీ చేతిలో బలం లేదు".

మరి ఇదే ఇంట్లో మిక్సీ మోగే మోత మారితే కింద కప్లర్ అరిగిందని మొదట చెప్పేది ఎవరు? కుక్కర్ విజిల్ రాకుండా పక్కనుంచి ఆవిరి పోతుంటే గ్యాస్కెట్టో, మూతో చిటికెలో తేల్చేది ఎవరు? ఫ్రిజ్ రాత్రంతా ఆగకుండా తిరుగుతోందని, తలుపు రబ్బరు ఊడిందని కనిపెట్టేది ఎవరు? స్టవ్ మంట ఎర్రబడితే బర్నర్ విప్పి పిన్నీసుతో పొడిచేది ఎవరు? రోజుకి పది యంత్రాలతో కాపురం చేస్తున్నాం మనం. వాటి మూలుగు కూడా మనకి తెలుసు. వంటింటి గడప దాటి సెల్లార్లోకి అడుగుపెట్టగానే ఆ తెలివంతా ఎటు పోతుంది? మనదెటూ పోదు. ఎదుటివాళ్ళు దాన్ని లెక్కలోకి తీసుకోవడం మానేస్తారు, అంతే.

తాళం బీరువాలోకి వెళ్ళాక నెల రోజుల్లో ఆటోలకే 4,200 రూపాయలు అయింది. పాప డాన్సు క్లాసు రెండు వారాలు పోయింది. అత్తయ్యగారు ఆటో మెట్టు ఎక్కలేక ఫిజియోథెరపీ మానేశారు, అడిగితే "నొప్పి తగ్గిందిలే" అన్నారు. తగ్గలేదని ఆవిడ నడక చూస్తేనే తెలుస్తోంది. నాకు ఏ పనికీ "ఏమండీ, ఖాళీగా ఉన్నారా?" అనే మాట ముందు పెట్టుకోవలసి వచ్చింది. కారు నడపడం అంటే షోకు కాదండీ. ఆ నాలుగు చక్రాల మీద నాలుగు జీవితాల టైం టేబుల్ నడుస్తోంది.

దారి చూపించింది మా అత్తయ్యగారు. ఆవిడ కారు స్టీరింగ్ ఏనాడూ ముట్టుకోలేదు. కానీ తొక్కుడు మిషను మీద ముప్పై ఏళ్ళు జాకెట్లు కుట్టి ఇద్దరు పిల్లల్ని చదివించిన మనిషి. ఒక మధ్యాహ్నం చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అన్నారు, "అమ్మాయ్, మిషను చక్రం బిగుసుకుంటే మేం ముందు బెల్టు తప్పించి చూసేవాళ్ళం. పై చక్రం తేలిగ్గా తిరిగితే జబ్బు కింద తొక్కుడులో ఉన్నట్టు. అప్పటికీ తిరక్కపోతే పైన షటిల్లో దారం ఇరుక్కున్నట్టు. మీ కారుకి అలా తప్పించి చూసే వీలు లేదూ?"

ఉంది! బిగువు ఎక్కడుందో తెలియనప్పుడు సగానికి సగం విడదీసి చూడటం. మెకానిక్ చేయవలసిన మొదటి పని కూడా అదే. ఇంటర్నెట్టులో చదివాను, కారు డ్యాష్‌బోర్డు పెట్టెలో ప్లాస్టిక్ కవరు విప్పకుండా పడున్న ఓనర్ మాన్యువల్ చదివాను. అర్థమైనది మన భాషలో చెప్తాను.

స్టీరింగ్ చక్రం నుంచి ఒక కడ్డీ కిందికి దిగుతుంది. మధ్యలో కీళ్ళు ఉంటాయి. అది ముందు చక్రాల మధ్య అడ్డంగా ఉన్న పళ్ళపట్టీని అటూ ఇటూ జరుపుతుంది. దాన్నే రాక్ అంటారు. అది చక్రాలను తిప్పుతుంది. ఇదంతా ఇనుముతో చేసిన దారి. ఈ దారిలో మన చేతికి సాయం చేసేదే పవర్ స్టీరింగ్. పాత కార్లలో ఆ సాయం నూనె ఒత్తిడితో వచ్చేది. ఇంజను బెల్టుతో తిరిగే పంపు, బానెట్ కింద నూనె డబ్బా. ఇప్పటి చిన్న కార్లలో చాలావాటికి నూనె లేదు, పంపు లేదు. ఒక చిన్న కరెంటు మోటారు మన చేయి ఎంత బలంగా తిప్పుతోందో కనిపెట్టి, ఆ వైపు తనూ ఒక చెయ్యి వేస్తుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. బండి కదలకుండా ఉన్నప్పుడు టైరు నేల మీద రాసుకుంటూ తిరగాలి కాబట్టి చాలా బలం కావాలి. వేగంగా పోతున్నప్పుడు టైరు దొర్లుతూ తిరుగుతుంది కాబట్టి పెద్దగా సాయం అక్కర్లేదు. అందుకే మోటారు కూడా నిదానంలో ఎక్కువ సాయం చేసి, వేగంలో తగ్గించుకుంటుంది.

ఇప్పుడు ఆ గుర్తు పెట్టుకోమన్న ముక్క తీయండి. మావారు నడిపేది ఎక్కడ? గుంటూరు హైవే మీద, పగటిపూట, ఎనభైలో. నేను నడిపేది ఎక్కడ? సెల్లార్లో, సందుల్లో, యూటర్నుల్లో, పదిలో. ఆయన దారిలో మోటారు సాయం పోయినా తెలియదు. నా దారిలో పోతే ప్రాణం మీదికి వస్తుంది. ఆయనకి వెన్నలా తిరిగింది, నాకు రాయిలా బిగిసింది, రెండూ నిజాలే! తేడా ఆయన కండల్లో లేదు, మేము నడిపే చోట్లలో ఉంది. ఈ మాట గ్యారేజీ అతనికి తెలియదనుకోను. కానీ ఆడమనిషి ఏ వేగంలో, ఏ మలుపులో, ఏ వేళప్పుడు అని అడగాలని అతనికి తోచలేదు. "లేడీస్ చేతికి" అనే జవాబు నోట్లో సిద్ధంగా ఉంటే ఇక ప్రశ్న ఎందుకు?

ఇంకో సంగతి తెలిసి తెగ నవ్వుకున్నాను. పవర్ స్టీరింగ్ అనేది మనబోటి సుకుమారుల కోసం కనిపెట్టారని చాలామంది నమ్మకం. పనికొచ్చేలా దాన్ని తయారుచేసిన ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఆయన అమెరికాలో పియర్స్ ఆరో కంపెనీలో ట్రక్కుల విభాగం ఇంజనీరు. బరువైన ట్రక్కులు తిప్పలేక మగ డ్రైవర్లు పడుతున్న అవస్థ చూశాక దాని మీద పనిచేసి 1926లో చేసి చూపించాడు. అమ్మకానికి పెట్టిన మామూలు కారులోకి అది వచ్చింది 1951లో, క్రైస్లర్ ఇంపీరియల్‌లో. అంటే స్టీరింగ్ బరువు అని మొదట మొరపెట్టుకున్నది కండలు తిరిగిన మగవాళ్ళే. వాళ్ళని ఎవరూ రక్తం పరీక్ష చేయించుకోమనలేదు. వాళ్ళ కోసం యంత్రం కనిపెట్టారు.

సరే, పరీక్షలకి వద్దాం. మొదట డబ్బు ఖర్చు లేనివి. బీరువాలో తాళం అడిగి తీసుకుని (అవును, అడిగే తీసుకున్నాను) పక్కనే ఉన్న పెట్రోలు బంకుకి నిదానంగా వెళ్ళాను. డ్రైవరు తలుపు తీస్తే చట్రం మీద చిన్న స్టిక్కరు ఉంటుంది, టైర్లలో ఎంత గాలి ఉండాలో దాని మీద రాసి ఉంటుంది. మా కారుకి 33. ముందు టైర్లు చూస్తే ఒకటి 24, ఒకటి 25. గాలి తగ్గిన టైరు నేలకి వెడల్పుగా అతుక్కుంటుంది, తిప్పడం బరువవుతుంది. గాలి కొట్టించాను. కొంచెం తేలికైంది. హమ్మయ్య అనుకున్నాను గానీ, ఆ సాయంత్రం సెల్లార్లో మళ్ళీ బిగిసింది. అంటే గాలి ఒక కారణమే, అసలు కారణం కాదు.

రెండోది అత్తయ్యగారి బెల్టు పరీక్ష. మా సందు చివర పంక్చర్ షాపతన్ని అడిగాను. పెద్ద హైడ్రాలిక్ జాకీతో ముందు చక్రాలు రెండూ నేల నుంచి పైకి లేపి, కింద స్టాండ్లు పెట్టాడు. ఇంజను ఆపేసే ఉంది. తాళం మాత్రం ఒక మెట్టు తిప్పి ఉంచాలి, లేకపోతే స్టీరింగ్ లాకు పడుతుంది. తిప్పి చూశాను. ఈ చివర నుంచి ఆ చివర వరకు నున్నగా తిరిగింది. ఎక్కడా పట్టలేదు, గరగరలాడలేదు, మధ్యలో ఒకచోట బరువు ఒకచోట తేలిక అని లేదు. అంటే ఇనుము దారి అంతా బాగుంది. కడ్డీ బాగుంది, కీళ్ళు బాగున్నాయి, రాక్ బాగుంది. ఆ 38,000 రూపాయల కాలమ్‌లో ఉన్న ఇనుప భాగంలో తప్పేమీ లేదు. ఇక మిగిలింది సాయం. మోటారు, దానికి వచ్చే కరెంటు.

ఈ పరీక్ష కూడా ఆ పంక్చర్ షాపు అబ్బాయి నన్ను ఒక్క మాట అనకుండా చేశాడండోయ్. "తిప్పండక్కా, నేను చక్రం చూస్తా" అన్నాడు. లోకంలో అలాంటివాళ్ళూ ఉన్నారు, చెప్పకపోతే పాపం.

మూడోది, బానెట్ ఎత్తాను. బ్యాటరీ కొసల మీద తెల్లగా, ఆకుపచ్చగా పొడి పేరుకుపోయి ఉంది, పాత ఇత్తడి కుందికి చిలుము పట్టినట్టు. ఒక తీగ బిగింపు పట్టుకుంటే చేత్తోనే కదిలింది. అప్పుడు నాకు ఇంకోటి గుర్తొచ్చింది. నెలరోజులుగా పొద్దున స్టార్ట్ చేస్తుంటే బండి మూలుగుతోంది. అదీ చెప్పాను ఇంట్లో, అదీ ఎవరూ పట్టించుకోలేదు, చివరికి నేను కూడా. బ్యాటరీ షాపుకి తీసుకెళ్ళాను. నిండుగా ఉన్న బ్యాటరీ విశ్రాంతిగా ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపించాలట. మాది 11.9. ఇంజను స్టార్ట్ చేస్తే 14.1 చూపించింది కాబట్టి ఛార్జింగ్ బాగానే అవుతోంది, బ్యాటరీయే దాచుకోలేకపోతోంది. ఐదో ఏడు నడుస్తోంది దానికి. మన బెజవాడ ఎండలకి బ్యాటరీ అన్నేళ్ళు రావడమే గొప్ప, చలి కంటే వేడే దాని ఆయుష్షు తినేస్తుంది అన్నాడు షాపతను.

కథ ఇప్పుడు అతికింది కదా. నిలబడి తిప్పేటప్పుడు స్టీరింగ్ మోటారు పదుల ఆంపియర్ల కరెంటు ఒక్కసారిగా లాగుతుంది. సాయంత్రం ఏసీ, లైట్లు, ఫ్యాను అన్నీ నడుస్తుంటాయి, ఇంజను నిదానంగా తిరుగుతుంటుంది. నీరసించిన బ్యాటరీ, చిలుము పట్టిన కొస, వదులైన తీగ. వోల్టేజీ పడిపోయేసరికి మోటారు "నావల్ల కాదు" అని చెయ్యి తీసేసింది, పసుపు లైటు వెలిగించింది. అంటే ఆ రోజు డివైడర్ గ్యాపులో కారు తన జబ్బు తనే చెప్పింది. నేను చూశాను, ఆ మాట అందరికీ చెప్పాను. నా మాట సరే, కారు మాట కూడా ఎవరూ వినలేదు!

కొత్త బ్యాటరీ, కొసలు శుభ్రం చేసి బిగించడం, మొత్తం 5,300 రూపాయలు. ఇది జరిగి మూడు వారాలైంది. స్టీరింగ్ ఒక్కసారి కూడా బిగవలేదు, లైటు వెలగలేదు. మావారిని ఈసారి ఆదివారం కాదు, మంగళవారం రాత్రి ఎనిమిదింటికి సెల్లార్లో రెండు స్తంభాల మధ్య బండి పెట్టించాను. పెట్టి దిగి, కాసేపు ఊరుకుని, "ముందే నీతో వచ్చి ఇక్కడ నడిపి చూడాల్సింది" అన్నారు. అంతకంటే నాకేం కావాలి? సారీ కాదు నేనడిగింది. నా రోడ్డు మీదికి వచ్చి చూడమన్నాను.

ఇక మీకు. "అందరం మెకానిక్కులం అయిపోవాలా ఏం?" అని మీలో కొందరు అంటారని తెలుసు. అక్కర్లేదు. పిల్లకి జ్వరం వస్తే మనం మందు రాయం, కానీ ఎప్పుడొచ్చింది, ఎంతుంది, రాత్రి పెరుగుతోందా అని డాక్టరుకి చెప్పేది మనమే. కారుకీ అంతే. పాల లెక్క రాసే పుస్తకంలోనే ఒక పేజీ తీయండి. స్టీరింగ్ ఎప్పుడు బిగిసింది, బండి నిలబడి ఉందా, కదులుతోందా, రెండు వైపులా బిగుస్తోందా, ఒకవైపేనా, ఏసీ, లైట్లు వేసి ఉన్నాయా, ఏ లైటు వెలిగింది, తిప్పి వదిలితే తనంతట తను మధ్యకి వస్తోందా. నాలుగు రోజులు రాస్తే ఎవరూ "నీకు అలా అనిపించింది" అనలేరు.

రాసినదాన్ని బట్టి దారి కూడా తెలుస్తుంది. నిదానంలోనే బరువు, గాలి తక్కువ అయితే మొదట గాలి. కొత్తగా వెడల్పు టైర్లు వేయించాకే బరువైతే కారణం అవే కావచ్చు. స్టీరింగ్ గుర్తుతో లైటు వెలిగితే బ్యాటరీ, దాని తీగలు, ఆ తర్వాత స్కానరు పెట్టి లోపల దాచుకున్న కోడు చదివించడం. గ్యారేజీలో అది కాసేపటి పని, కోడు చదవకుండా కాలమ్ మార్చనివ్వకండి. తిప్పుతుంటే ఒకచోట పట్టి ఒకచోట వదిలితే కడ్డీ కీళ్ళు చూడమనండి. ముందు చక్రాల పైభాగంలో స్ప్రింగు టంగుమని, స్టీరింగ్ మధ్యకి రాకపోతే అక్కడి బేరింగు చూడమనండి. మీది నూనె ఉన్న పాత కారైతే డబ్బాలో నూనె మట్టం, బెల్టు చూడాలి. తిప్పినప్పుడు కీచుమంటే బెల్టు జారుతున్నట్టు, ములిగినట్టు చప్పుడైతే నూనె తగ్గినట్టు అనుమానించవచ్చు. ఆపిన బండిలో చక్రం అసలు కదలక, తాళం కూడా తిరగకపోతే కంగారు పడకండి, అది దొంగల కోసం పెట్టిన లాకు. చక్రాన్ని కొద్దిగా అటూ ఇటూ ఆడిస్తూ తాళం తిప్పితే వస్తుంది.

జాగ్రత్తలు కూడా వినండి. జాకీ మీద మాత్రమే నిలబడ్డ బండి కిందికి ఎవరూ దూరకూడదు. స్టీరింగ్ చక్రంలో ఎయిర్‌బ్యాగు ఉంటుంది, దాన్ని విప్పే పని మనది కాదు. బ్యాటరీ జోలికి వెళ్ళేముందు గాజులు, ఉంగరాలు తీసేయండి, మెళ్ళో సూత్రాలు, గొలుసు లోపలికి వేసుకోండి. వంగినప్పుడు గొలుసు బ్యాటరీ కొసకీ, బండి ఇనుముకీ ఒకేసారి తగిలిందంటే మాడిపోతుంది, ఒళ్ళూ కాలుతుంది. తీగ విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ ఆఖరున. చక్రాన్ని పూర్తిగా ఒక చివరకి తిప్పి అలాగే పట్టుకుని ఉండకండి, మోటారు వేడెక్కి సాయం తగ్గించేస్తుంది. పల్లంలో పెట్రోలు మిగులుతుందని ఇంజను ఆపి దొర్లించే అలవాటు మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే ఈ రోజే మాన్పించండి, స్టీరింగ్ సాయం, బ్రేకు సాయం రెండూ పోతాయి.

నడుస్తుండగా సాయం పోతే ఇది ఒక్కటి గుర్తుంచుకోండి. స్టీరింగ్ తెగిపోలేదు. ఇనుము దారి అలాగే ఉంది, బరువు పెరిగింది అంతే. రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, వేగం తగ్గించి, పక్కకి తీసి ఆపండి. ఆ రోజు నాకు ఈ మాట ముందే తెలిసి ఉంటే అంత వణికేదాన్ని కాదు. మళ్ళీ నడిపే ముందు చూపించండి. రెండో మలుపు దాకా ఆగకండి.

అన్నిటికంటే పెద్ద తప్పు ఒకటి నేనే చేశాను, అది మీరు చేయకండి. మూడోసారి నవ్వినప్పుడు నేనూ వాళ్ళతో కలిసి నవ్వాను. ఏమో, నా చేతుల్లోనే బలం లేదేమో అని నమ్మాను. ఆ నమ్మకంతోనే పాపని వెనక కూర్చోబెట్టుకుని మే నెల సాయంత్రం ఆ యూటర్న్ తీసుకున్నాను. మొదటిసారి బిగిసినప్పుడే "బాగయ్యేదాకా ఈ బండిలో ఎవరమూ ఎక్కం, గుంటూరుకి కూడా" అని ఉంటే ఎంత బాగుండేది! నా చేతులు చెప్పిన మాట నేనే నమ్మనప్పుడు గ్యారేజీ అతన్ని అనేం లాభం?

కారు తాళం మళ్ళీ గుమ్మం పక్క మేకు మీదికి వచ్చింది. అత్తయ్యగారు సోమవారం నుంచి ఫిజియోథెరపీకి వస్తున్నారు. ముందు సీట్లో కూర్చుని, నేను మలుపు తిప్పినప్పుడల్లా చక్రం వైపు చూసి, "ఇప్పుడు నున్నగా తిరుగుతోందే అమ్మాయ్" అంటున్నారు, తన మిషను తనే బాగుచేసుకున్నంత తృప్తిగా. మావారు మొన్న ఏదో మాటల్లో "ఆడలేక..." అని మొదలుపెట్టి నా వైపు చూసి ఆగిపోయారు. పర్లేదు, ఇకమీదట ఆ సామెత చెప్పుకోవచ్చు. కాకపోతే మా ఇంట్లో ముందు మద్దెల తట్టి చూడాలి.